నర్సయ్య క్యాసెట్ రెండో వైపు

‘రెండో వైపు చెడిపోయింది.’ ఎనిమిదేళ్ల కిందట నేను చెప్పవలసిన మాట ఇంతే. చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాత ఎదురుగా నిలబడి అడిగినప్పుడూ చెప్పలేదు. బరువు మోస్తున్నానని రాయాలేమో. కానీ చాలాకాలంగా అది బరువుగా కూడా తెలియడం లేదు. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలు లాంటిది. ఉంది, నాదే, గిల్లినా తెలియదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు.

నాది కడప జిల్లా. ఎనభైల చివర్లో ఒమాన్ వచ్చి, ఇబ్రిలో ఒక క్యాసెట్ల షాపులో చేరాను. షాపు అర్బాబ్, అంటే ఒమానీ యజమాని, నెలకొకసారి వచ్చి చూసి పోయేవాడు. మిగతా రోజులు నేనొక్కడినే. పాటల క్యాసెట్లు అమ్మడం, అడిగినవాళ్లకు అడిగిన పాటలు ఎక్కించి ఇవ్వడం నా డ్యూటీ. బోర్డు మీద రాయని పని ఇంకొకటి ఉండేది. మాట్లాడే ఉత్తరాలు రికార్డు చేయడం.

చుట్టుపక్కల సైట్లలో పనిచేసే తెలంగాణవాళ్లలో చాలామందికి రాయడం రాదు. ఇంకొకరి చేత రాయిస్తే మనసులో మాట రాయించలేరు. అందుకని శుక్రవారం మధ్యాహ్నాలు వచ్చి, షాపు వెనక చిన్న గదిలో మైకు ముందు కూర్చుని, ఇంటికి చెప్పవలసింది చెప్పేవారు. ఊరికి ఛుట్టీ మీద పోయేవాడి చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవారు. దానికొక పద్ధతి ఉండేది. మొదటి వైపు ఇంటిల్లిపాదికీ. నాయినకు దండం, అవ్వకు దండం, బర్రె ఈనిందా, బాయిల నీళ్లున్నయా, ఇలా పేరుపేరునా. అందరూ చుట్టూ కూర్చుని వింటారు. రెండో వైపు భార్యకు. అది ఆమె ఒక్కతే, తలుపు దగ్గరేసుకుని, సౌండు తగ్గించి, టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించి వింటుంది. ఇంట్లో ఎంత పెద్దవాళ్లయినా రెండో వైపు పెట్టమని అడగరు.

జవాబు కూడా ఆ క్యాసెట్ మీదే వచ్చేది. విన్న మాటల మీదే తమ మాటలు ఎక్కించి తిరిగి పంపేవారు. అందుకే క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులను నేను విరిచేవాణ్ని కాదు. అవి విరిస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదు, ఉన్నది భద్రంగా ఉంటుంది. తప్పంతా ఆ విరవని పలుకులదేనని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదని చెప్పుకుంటున్నప్పుడు కూడా తెలుసు.

నర్సయ్యది జగిత్యాల వైపు. షట్టరింగ్ కార్పెంటర్. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. భార్య గంగమణి కడుపుతో ఉండగా వచ్చాడు. కొడుకు పుట్టాడని క్యాసెట్‌లో విన్నాడు, వాడి ఏడుపు కూడా అందులోనే విన్నాడు. పదహారు నెలలకు జ్వరం తగిలి ఆ పిల్లవాడు పోయాడు. కంపెనీ ఛుట్టీ ఇవ్వలేదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. పోలేకపోయాడు. ఆ తర్వాత గంగమణి దగ్గర నుంచి మాట రావడం ఆగిపోయింది.

ఒక శుక్రవారం వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. మొదటి వైపు నాలుగు నిమిషాల్లో ముగించాడు. రెండో వైపు పది నిమిషాలు మాట్లాడాడు. సౌండు సరిచూడడానికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను నేను. సరిచూశాక తీసేయాలి. ఆ రోజు తీయలేదు. కాబట్టి అతనేం చెప్పాడో నాకు తెలుసు.

“పోరన్ని దవఖానకు జల్ది తీస్కవోలేదని అవ్వ నిన్ను అన్నదట గద. నేనట్ల అంటలేను గంగమణీ. నీ తప్పేం లేదు. నేనుండాలె, లేను. గంతే. దసరా ముంగట ఎట్లన్నజేసి అస్త. నేనచ్చేదాక యాడికి వోకు.” ఇదే మాటను అటూ ఇటూ తిప్పి చెప్పాడు. మధ్యలో చాలాసేపు ఊరికే ఉన్నాడు. ఆ ఖాళీ కూడా టేపు మీద ఎక్కింది.

మర్నాడు పొద్దున సయీద్ అనే ఆయన వచ్చాడు. ఒమానీయే, కానీ చిన్నప్పుడు జాంజిబార్‌లో పెరిగాడు. రోడ్ల ఆఫీసులో ఉద్యోగం. జాంజిబార్‌లో కుర్రతనంలో విన్న అమెరికా నల్లవాళ్ల సోల్ పాటలంటే ప్రాణం. ఆయన తమ్ముడు లండన్ నుంచి సీడీ తెచ్చాడట. ఆయన కుర్రతనంలో రికార్డు అరిగేదాకా విన్న ఆల్బమే. ఇప్పుడు మళ్లీ విడుదల చేస్తూ, అప్పట్లో పక్కన పడేసిన పాటలు, సగంలో ఆపేసిన పాటలు, స్టూడియోలో మాట్లాడుకున్న మాటలు కూడా చివర చేర్చారు. కారులో వినడానికి క్యాసెట్ మీద ఎక్కించమన్నాడు. “పూరా చాహియే. బాత్‌చీత్ భీ మత్ కాట్‌నా,” అని రెండుసార్లు చెప్పాడు. మాటల ముక్కలు కూడా ఒక్కటీ వదలొద్దని.

పాత ఆల్బమంతే అయితే అరవై నిమిషాల క్యాసెట్‌లో సరిపోయేది. కొత్తగా చేర్చినవాటితో గంటంపావు అయింది. తొంభై నిమిషాల క్యాసెట్లు అయిపోయి ఉన్నాయి, మస్కట్ నుంచి సరుకు రాలేదు. మధ్యాహ్నం షాపు మూసే వేళ షట్టర్ దించుకుని పని మొదలుపెట్టాను. అరవై నిండింది. ఇంకో పావుగంట మిగిలింది. రెండో డెక్‌లో ఒక క్యాసెట్ ఉంది. పొద్దున నర్సయ్య క్యాసెట్ సరిగ్గా పడిందో లేదో చూడడానికి రెండో వైపు పెట్టి విని, టేపు వెనక్కి తిప్పి, ఆ వైపునే అక్కడే వదిలేశాను. అది మరిచిపోయాను. ఖాళీ క్యాసెట్ అనుకున్నానా? ఏమీ అనుకోలేదు. రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కాను.

హెడ్‌ఫోన్‌లో వింటూ కూర్చున్నాను. పాటగాడి గొంతు బొంగురుగా ఉంది, పాడుతున్నట్టు కాక ఎవరినో నిలబెట్టి అడుగుతున్నట్టు ఉంది. నాకు ఇంగ్లీషు పాట సగం కూడా అర్థం కాదు. అయినా లేవలేకపోయాను. ఒకే పాటను మూడుసార్లు మొదలుపెట్టి ఆపాడు. దగ్గాడు. పక్కన పాడే ఆడమనిషి ఏదో అని నవ్వింది, అతనూ నవ్వాడు, ఇద్దరూ మెల్లగా ఏదో మాట్లాడుకున్నారు, మళ్లీ మొదలుపెట్టారు. ఎంత బాగుందో అనుకున్నాను. అయిపోయాక క్యాసెట్ బయటికి తీస్తే నా చేతిరాతే కనపడింది. నర్సయ్య, ఇంటికి.

ఎవరో సముద్రాలకవతల పారేసిన ముక్కలను కూడా ఎన్నో ఏళ్లు దాచి, దుమ్ము దులిపి, దగ్గుతో సహా లోకానికి ఇచ్చారు. ఒక మనిషి పది నిమిషాల మాటను నేను ఒక్క రోజు దాచలేకపోయాను. ఇలా అనుకోవడం కూడా ఆ తర్వాతే. అప్పుడు ఏమీ తోచలేదు. కొట్లో వెతికి ఒక పాత క్యాసెట్ మీద సయీద్ గారి పావుగంటా మళ్లీ ఎక్కించాను. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాను.

నాలుగింటికి పోశెట్టి వచ్చాడు. నర్సయ్య రూమ్‌లోనే ఉండేవాడు, పక్క ఊరివాడు, ఛుట్టీ మీద పోతున్నాడు. మస్కట్ టాక్సీ బయట హారన్ కొడుతోంది. నర్సయ్య సైట్ అరవై కిలోమీటర్ల దూరం, మళ్లీ పిలిపించి మాట్లాడించే వీలు లేదు. కానీ నోటితో చెప్పి పంపవచ్చు. రెండో వైపు షాపులో చెడిపోయింది, నర్సయ్య దసరాకి ముందు వస్తానన్నాడు, ఎక్కడికీ పోవద్దన్నాడు. ఇంత చెప్తే చాలు. పోశెట్టి మతిమరుపు మనిషి కూడా కాదు.

“రెండు దిక్కుల నింపిండా? మావోడు రూమ్‌ల నోరే తెర్వడు గదనే,” అని నవ్వాడు.

“రెండు వైపులా ఉంది. జాగ్రత్త,” అన్నాను.

ఎందుకన్నాను? నా పని మీద నమ్మకం పోతుందనా? లోపలి మాటలు విన్నానని బయటపడుతుందనా? రెండూ కావచ్చు. ఇంకా చిన్న కారణమే అయి ఉండవచ్చు. టాక్సీ హారన్ కొడుతోంది, చెప్పడానికి చాలా మాటలు కావాలి, అబద్ధానికి మూడు చాలు.

రెండు నెలలకు పోశెట్టి తిరిగి వచ్చాడు, క్యాసెట్ రాలేదు. గంగమణి పుట్టింటికి పోయిందట. అత్త ఎందుకని అడిగితే, ‘ఆయన పంపింది విన్న. నాకు సమజైంది’ అని ఒక్క మాట అన్నదట. ఏం విన్నదో ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసు. కొడుకు పోయాక మొగుడు తనకోసమే పంపిన వైపున, ఒక మగవాడు, ఒక ఆడది నవ్వుకోవడం విన్నది.

ఆ శుక్రవారమే నర్సయ్య షాపుకు వచ్చాడు. కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

“అన్నా, ఒక్క మాట అడుగుత. ఏమనుకోకు.”

“అడుగు.”

“రెండో దిక్కు మంచిగ వడ్డదా?”

“పడింది.”

“మొత్తం?”

“మొత్తం పడింది నర్సయ్యా. చూసే ఇచ్చినాను.”

తల ఊపాడు. “గట్లయితే ఇన్నదన్నట్టు. ఇనే పోయింది.” నవ్వాడు. “నా గొంతు గిట్ల ఉంటది, ఎవడో దొంగోడనుకున్నదో ఏందో.” నేను కూడా నవ్వాను. ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తుంది.

తన మాటంతా విని కూడా ఆమె పోయిందని అతను నమ్మాడు. అందుకే మళ్లీ కబురు పంపలేదు, దసరాకి ఛుట్టీ అడగలేదు. ఆపైన ఏడాది పెద్దమనుషులు కూర్చుని తెంపేశారు. గంగమణిని వేరే ఊళ్లో ఇచ్చారు. నర్సయ్య ఇంకో పెళ్లి చేసుకోలేదు. రెండేళ్లకొకసారి వెళ్లి, పదిహేను రోజులకే తిరిగొచ్చేవాడు. అరవై రోజుల ఛుట్టీలో పదిహేను రోజులు.

సయీద్ గారి కారులో విని ఆఫీసులో మరి నలుగురు అదే ఆల్బం అడిగారు. ఆ తర్వాత ఇంకొందరు. ఎక్కించి ఇచ్చాను. ప్రతిసారీ ఆ చివరి పావుగంట దగ్గరికి వచ్చేసరికి హెడ్‌ఫోన్ తీసేసేవాణ్ని. తీయడం ఒక్కటే నేర్చుకున్నాను.

నర్సయ్య షాపుకు వస్తూనే ఉండేవాడు. నన్ను అన్నా అనే పిలిచేవాడు. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానని మీరు అడిగితే, ఎక్కువసార్లు కాదనే చెప్పాలి. కొన్ని నెలలు అసలు గుర్తే ఉండేది కాదు. దీనికి నేను చెప్పగల సాకు ఏదీ లేదు.

పోయిన రంజాన్‌కు ముందు నర్సయ్య వీసా క్యాన్సిల్ చేయించుకున్నాడు. ఇక రాడు. శుక్రవారం పొద్దున క్యాంపుకు వెళ్లాను. రూమ్‌లో ఒక్కడే ఉండి అట్టపెట్టె కడుతున్నాడు. అంతా చెప్పాను. వింటున్నంతసేపు తాడు కొస చేతిలోనే ఉంది. “పాటలా?” అని అడిగాడు. పాటలే, మధ్యలో నవ్వులు అన్నాను. “ఆమెకు ఇప్పటికీ దెల్వదా?” అన్నాడు. తెలియదన్నాను. ఇంతలో ఎవరో వచ్చి ఇస్త్రీ పెట్టె అడిగితే లేచి ఇచ్చాడు. మళ్లీ వచ్చి కూర్చుని, పెట్టె వైపు చూస్తూ, “నువ్వు పో,” అన్నాడు. ‘అన్నా’ అనలేదు.

క్షమించాడని నేననుకోవడం లేదు. గంగమణికి చెప్పాలా, చెబితే ఇప్పుడు ఆమె సంసారం ఏమవుతుంది, అది నాకు తేలలేదు. ఆ మధ్యాహ్నం షాపుకు వచ్చి అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి తెలిసింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

నా తప్పు చెప్పుకున్న మాటలు దారిలో కూడబలుక్కున్నవి కావు. గుమ్మం దగ్గర నిలబడే అన్నాను. ఇవీ అవి:

“నర్సయ్యా, గంగమణి నీ మాట వినలేదు. వినింటే పోయేది కాదు. ఆ మాట చెరిపింది నేను, తెలిసి పంపింది నేను, నువ్వడిగితే అబద్ధం చెప్పింది కూడా నేనే. ఆమె తప్పు లేదు, నీ తప్పూ లేదు. నన్ను క్షమించు.”