తెరకు వీపు పెట్టి కూర్చున్న టీచరమ్మ

మా వీధి చివరింటి టీచరమ్మ చనిపోయారని మంగళవారం పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపులో చూశాను. రెండే వాక్యాలు. ఆమె ఇక లేరని, సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకు రావాలని. గంట తిరగకుండానే దాని కింద కన్నీళ్లు కారుస్తున్న ముఖాల బొమ్మలు బారులు తీరాయి. నేనూ ఒకటి పెట్టబోయి, పెట్టలేక ఫోన్ బోర్లించాను.

వరంగల్లులో నేను చదివిన మిషన్ స్కూల్లో ఆమె సోషల్ చెప్పేవారు. తొమ్మిదో తరగతిలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చేది. యూదులను ఏం చేశారో మా పుస్తకంలో ఒక్క పేరాలో ఉండేది. ఆ పేరా దగ్గర ఆమె పుస్తకం మూసేసి, అందరినీ పైఅంతస్తు హాల్లోకి తీసుకుపోయి ఒక సినిమా వేసేవారు. నాజీల కాలంలో ఒక పిల్ల, వాళ్లమ్మ కొన్నాళ్లు ఎవరింటి అటక మీదో దాక్కుంటారు. తర్వాత దొరికిపోతారు. నిర్బంధ క్యాంపు నుంచి పిల్ల ఒక్కతే ప్రాణాలతో బయటపడుతుంది. మాటలు మాకు అర్థంకాని ఇంగ్లీషులో ఉండేవి. టీచరమ్మ కుర్చీని మా వైపు తిప్పుకుని, తెరకు వీపు పెట్టి కూర్చుని, చెవులతో వింటూ ఒక్కో మాటా తెలుగులో చెప్పేవారు.

"మీరు చూడరా టీచర్?" అని ఒకసారి అడిగాను.

"సినిమా నాకు తెల్సు బిడ్డా. మీ ముఖాలే తెల్వయి" అన్నారు.

అట్లా ఆమె ఏళ్ల తరబడి పిల్లల ముఖాలు చూశారు. తల్లికి, పిల్లకు గుండ్లు గీసే చోట మా బ్యాచ్‌లో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. మేమందరం కోపంగా చూస్తే టీచరమ్మ అడ్డుపడ్డారు. "నవ్వనియ్యిండ్రి. భయమైతే గూడ కొందరికి నవ్వొస్తది." ఇంకొకమ్మాయి వెక్కుతూ లేచి, "పోలీసులకు చెప్పొచ్చు గద టీచర్?" అంది. టీచరమ్మ, "వచ్చిందే పోలీసులు బిడ్డా" అన్నారు.

మా స్కూలు వంటమ్మది నర్సంపేట వైపు పల్లె. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూసింది. క్యాంపులో గంజిలాంటి చారు పోసే సన్నివేశంలో అందరూ ఆ పిల్లను చూస్తుంటే ఆమె గరిటెను చూసింది. "టీచరమ్మా, ఆ పోసేటామె కొందరికి మీదిమీది నీళ్లే పోస్తాంది. నచ్చినోళ్లకు అడుగుది ముంచి పెడ్తాంది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి తనకు ఎన్నడూ తట్టలేదని టీచరమ్మ తర్వాత ఎంతమందితో చెప్పారో. ఎవరు ఎక్కడ ఏడుస్తారో దాన్నిబట్టి వాళ్ల బతుకు తెలుస్తుందనేవారు.

పెళ్లయ్యాక మేం ఇల్లు కొనుక్కున్నది అనుకోకుండా ఆమె వీధిలోనే. అప్పటికి ఆమె రిటైరయ్యారు, ఏడాదికోసారి ఆ సినిమా వెయ్యడానికి మాత్రం స్కూలుకు పోయేవారు. ఆమె ఇంట్లో ఎవరూ నిలబడి చాయ్ తాగడానికి వీల్లేదు. నీళ్ల క్యాన్ తెచ్చినతనైనా, ఫాదర్ గారైనా కూర్చోవాల్సిందే. అంత పెద్దదాన్నయ్యాక కూడా నా రాతలో తప్పులు దిద్దేవారు. నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

రెండేళ్ల కింద, ఆ సినిమా పెద్దవాళ్లకూ చూపించాలని ఆమెకు అనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కాలనీ కమ్యూనిటీ హాల్లో వేశారు. ఎప్పటిలాగే తెరకు వీపు పెట్టి కూర్చున్నారు. అందరం ఏడ్చాం. నా ఏడుపు చూసి మా ఆయన చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు. కాలనీ ప్రెసిడెంటు ముక్కు తుడుచుకుంటూ లేచి, "అప్పుడు మనముంటే మన ఇండ్లల్ల దాసుకుంటుంటిమి గద" అన్నారు. చప్పట్లు కొట్టాం.

ఏడవనిది ఒకే ఒక అమ్మాయి. మా ఎదురింటి పై పోర్షన్‌లో కొత్తగా దిగిన పిల్ల. తొర్రూరు దగ్గరి పల్లె. ఆటో నడిపే అబ్బాయిని, వేరే కులమతన్ని, ఇంట్లో చెప్పకుండా చేసుకుని వచ్చింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందరూ లేచిపోతుంటే ఆ పిల్ల టీచరమ్మ దగ్గరికి వచ్చి, "అటుక మీద దాక్కున్నరు గదా, అప్పుడు దగ్గొస్తే ఏం చేసేటోళ్లు?" అని అడిగింది.

"నోట్లె గుడ్డ కుక్కుకునేటోళ్లు బిడ్డా."

"అట్లనా" అని తలాడించి వెళ్లిపోయింది.

నెలన్నర తర్వాత, మిట్టమధ్యాహ్నం, రెండు కార్లు వచ్చి వీధి మొదట్లో ఆగాయి. ఆ పిల్ల తండ్రి, అన్నలు, ఇంకెవరో. భర్త ఆటో మీద బయటికి పోయాడు. ఆ పిల్ల వెనక మెట్ల మీది నుంచి దిగి ఒక్కో తలుపూ కొట్టింది. ప్రెసిడెంటు గారిది కొట్టింది. నాదీ కొట్టింది. "అక్కా, జర తలుపు తియ్యిండ్రి. అక్కా, నేనే." నేను తలుపుకు ఇవతలే ఉన్నాను. ఆమె ఊపిరి వినిపించేంత దగ్గర. పక్కవాళ్లెవరో తీస్తారులే అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. ఆమె చెప్పుల చప్పుడు వీధి చివరికి, టీచరమ్మ ఇంటి వైపు పోయింది. కాసేపటికి కారు తలుపులు పడిన చప్పుడు.

మర్నాడు పొద్దున టీచరమ్మ మా ఇంటికొచ్చారు. "పోలీస్ స్టేషన్‌కు పోతాన్న. చూసినోళ్లెవరన్న ఎంబడి వస్తె మంచిగుంటది" అన్నారు. మా ఆయన ఊళ్లో లేడని, పిల్లలకు పరీక్షలని చెప్పాను. "సరే బిడ్డా" అన్నారు, అంతే. ప్రతి ఇంటికీ పోయి అదే అడిగారు. చివరికి ఒక్కరే పోయారు. అక్కడ రాసుకునే ఆయన, "నువ్వు కండ్లతోని చూసినవా అమ్మా?" అని అడిగాడట. విన్నానని చెప్తే, "విన్నది రాయలేం" అన్నాడట.

ఆ పిల్ల భర్త కొన్నాళ్లు టీచరమ్మ గడప ముందు మెట్టు మీద వచ్చి కూర్చునేవాడు. ఏమన్నదో, ఎట్లా పిలిచిందో మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. తర్వాత ఖాళీ చేసి పోయాడు. ఆ పిల్ల ఏమైందో ఇప్పటికీ తెలియదు. వేరే పెళ్లి చేశారని ఒకరన్నారు. ఇంకొకరు అన్న మాట ఇక్కడ రాయలేను.

మరుసటి ఏడు నేనే టీచరమ్మను అడిగాను, ఈసారి స్కూలు పిల్లలకు సినిమా వెయ్యరా అని. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"ఎందుకు బిడ్డా, ఏడ్వనీకా? ఇన్నేండ్లు ముఖాలు చూసిన. కండ్లల్ల నీళ్లొస్తే పాఠం ఎక్కిందనుకున్న. ఏడిస్తే మనసు తేలికైతది, తేలికైనోళ్లు ఇంటికి పోయి మంచిగ పంటరు. గంతే." తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు. "గొళ్లెం తీసేలోపే వాళ్లు పట్టుకపోయిండ్రని ఆ పిలగానికి చెప్పిన. అబద్ధం. గొళ్లెం మీద చెయ్యి పెట్టి ఊకె నిలబడ్డ. దగ్గొస్తే ఏం జెయ్యాలె అని అడిగితె జవాబు చెప్పిన గని, ఎందుకడుగుతానవు బిడ్డా అని అడగకపోతి."

నేనూ నా తలుపు సంగతి చెప్పాలనుకున్నాను. గ్లాసులు తీసుకుని కడగడానికి లేచాను. చెప్పకుండానే ఆమెకు తెలుసేమో. ఆమె ముఖాలు చదివిన మనిషి.

చివరి పది రోజులు దవాఖానలో ఉన్నారు. నేను పోయినప్పుడు కళ్లు తెరిచి, "తొర్రూరు దిక్కు నుంచి ఎవలన్న వచ్చిండ్రా?" అని అడిగారు.

"లేదు టీచర్" అన్నాను.

ఒక్క అబద్ధం చెప్పి ఉండొచ్చు. మంచిగుందట, ఒక బిడ్డ పుట్టిందట అని. అదీ నాకు చేతకాలేదు. ఆమె గోడ వైపు తిరిగారు. తర్వాత నాతో మాట్లాడలేదు.

సమాధుల తోటకు కాలనీ అంతా వచ్చింది. ఫాదర్ గారు ఆమె ఓపిక గురించి, విద్యార్థుల గురించి చెప్పారు. ప్రెసిడెంటు గారు వెక్కి వెక్కి ఏడ్చారు. నటన కాదు, నిజంగానే ఏడ్చారు. ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక్కొక్కరం గుప్పెడు మట్టి వేసి చేతులు దులుపుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆడవాళ్లు రాత్రికి కూరేమిటో మాట్లాడుకుంటున్నారు. పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు. నిండుగా కుక్కిన లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి. వాటి నుంచి రాలిన దూది రోడ్డుకు రెండు వైపులా తుమ్మకంపలకు చిక్కుకుని, ఊరొచ్చేదాకా, ముళ్ల మీద తెల్లగా వణుకుతూ ఉంది.