ముందు వరుసలో ఎదురింటి సారు

మొన్న ఆదివారం పాపను తీసుకుని అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు చూడ్డానికి వెళ్లాను. ఎన్నికల రోజులు కదా, పెద్ద పోస్టాఫీసు దగ్గర ఒక ప్రచారం బండి ఆగి ఉంది. పక్కనే నిలబడ్డ కార్యకర్త ఒకాయన వచ్చేపోయే వాళ్ల మెడలో పార్టీ కండువాలు వేస్తూ వేస్తూ మా ఆరేళ్ల పాప మెడలో కూడా ఒకటి వేసేశాడు. అది దాని మోకాళ్ల దాకా వచ్చింది. "ఇది నా చున్నీ" అని ఇక తీయనంటే తీయనంది. నేను అసలే ప్రతిదానికీ కంగారుపడే మనిషిని. పాప రెండుసార్లు దగ్గితే మూడోసారికి డాక్టరు నంబరు వెతుకుతాను. ఇల్లు చేరేదాకా నాకు ఒకటే గుబులు. ఆటో అతను ఏ పార్టీయో, వాచ్‌మన్ ఏమనుకుంటాడో, పై అంతస్తు వాళ్లు చూసి లిఫ్టులో పలకరించడం మానేస్తారేమో! మా ఆయన తలుపు తీసి, "అప్పుడే పార్టీలో చేరిపోయిందా?" అని నవ్వారు. పాప నిద్రపోయాక దాని మెడలోంచి ఆ కండువా మెల్లగా తీసి మడతపెడుతుంటే మా తాత గుర్తొచ్చాడు, తాత వెనకే ఎదురింటి సారు కూడా వచ్చేశారు. వాళ్లిద్దరూ ఎప్పుడూ విడివిడిగా గుర్తు రారు.

తాత అంటే మా అమ్మకు నాన్న. ఇల్లు నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఇరుకు గల్లీలో, దుకాణం సుల్తాన్ బజార్‌లో. స్టీలు సామాన్లు అమ్మేవాడు. అమ్మడం తక్కువ, రాజకీయాలు మాట్లాడ్డం ఎక్కువ అని అమ్మమ్మ అనేది. ఎదురింటి సారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడే వాళ్ల నాన్నగారి ఉద్యోగంతో గుంటూరు నుంచి వచ్చేశారు. ఊరు వదిలి యాభై ఏళ్లయినా ఆయన మాట మాత్రం బస్సెక్కకుండా అక్కడే ఉండిపోయింది. తాతది ఒక పార్టీ, సారుది దానికి సరిగ్గా ఎదురు పార్టీ. వాటి పేర్లు నేను చెప్పను. చెబితే మీరు కూడా ఇద్దర్లో ఒకరి వైపు కూర్చుంటారు. పొద్దున్నే ఒకరు ఈ అరుగు మీద, ఒకరు ఆ అరుగు మీద పేపరు విప్పి, గల్లీకి అడ్డంగా గొంతులు పెంచి వాదించుకునేవారు. మధ్యలోంచి పాలవాడు తల వంచుకుని సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు.

ఇంత వాదనలోనూ ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. గల్లీలో ఏ పార్టీ సభ జరిగినా, ఎదుటి పార్టీవాడు వెళ్లి ముందు వరుసలో కూర్చోవాలి. చప్పట్లు కొట్టకూడదు. మధ్యలో లేచి పోకూడదు. గొణగకూడదు. చివరిదాకా విని, ఇంటికొచ్చాక ఎంతైనా తిట్టుకోవచ్చు. సారు పార్టీ సభలకు తాత ఇస్త్రీ లాల్చీ వేసుకుని వెళ్లి, పెళ్లివారింటికి వచ్చినవాడిలా కూర్చునేవాడు. తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే, "ఒక్క మాట నిజం చెప్పలే గాయన!" అని మొదలుపెట్టేవాడు.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా జెండా మోసిన తాతకు ఈసారి టికెట్టు ఖాయమని గల్లీ అంతా అనుకుంది. అమ్మమ్మ పైకి విసుక్కుంటూనే, కార్పొరేటర్ భార్య కట్టుకోదగ్గ చీరలు బీరువాలోంచి తీసి పెట్టుకుంది. పార్టీ పెద్ద నాయకుడొకాయన గల్లీ చివర సభకు వస్తున్నాడన్నారు. ఆయన మెచ్చుకుంటే చాలు, పని అయినట్టే. తాత షామియానా వేయించాడు, మైకు పెట్టించాడు. సారు యథాప్రకారం తెల్ల పంచె కట్టుకుని వచ్చి ముందు వరుస చివరి కుర్చీలో కూర్చున్నారు.

నాయకుడు వచ్చాక ముందు చేరికలు అన్నారు. పార్టీలో చేరబోయే కుర్రాళ్లను కూడా ఆ ముందు వరుసలోనే కూర్చోబెట్టారు. నాయకుడు స్టేజీ దిగి ఒక్కొక్కరికీ కండువా కప్పుకుంటూ వచ్చి, ఆ ఊపులోనే సారుకూ కప్పేశాడు. పక్కనున్న అత్యుత్సాహి ఎవరో ఆయన చెవిలో, సారు ఎదుటి పార్టీ పెద్దమనిషి అని ఊదాడు. ఇంకేం, నాయకుడు సారును గట్టిగా కౌగిలించుకున్నాడు. పేపరు ఫోటోగ్రాఫరు కెమెరా తళుక్కుమంది. "ఎదుటి పార్టీ మూలస్తంభమే ఈ రోజు మన దగ్గరికి నడిచొచ్చింది!" అని మైకులో ప్రకటన కూడా అయిపోయింది. ఫోటోగ్రాఫరుకు ఇంతకన్నా పెద్ద వార్త దొరకదు కదా, వెంటనే మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సారు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. లాగేస్తే వాళ్ల సభలో వాళ్ల జెండాను అవమానించినట్టు, ఉంచుకుంటే జీవితమంతా నిలబడిన పార్టీని వదిలేసినట్టు. మా బాల్కనీలో గ్లాసుల్లో టీ పోస్తున్న సారుగారి భార్య, "అయ్యో వదినగారూ, మా ఆయన్ని చేర్చేసుకున్నారేంటండీ!" అంది.

"ఆగు వదినా, మా ఆయన ఉన్నడు గద" అంది అమ్మమ్మ. అంటూనే చేతిలోని ట్రే కింద పెట్టి, బాల్కనీ మీంచి ముందుకు వంగింది.

తాత స్టేజీ మీద మైకు అందుకున్నాడు. "అన్నా, జర ఆగున్రి. సారు చేరలె. సారు మా ఎదురింటాయన. మనం ఏం మాట్లాడుతమో ఇందామని వచ్చిండు. రేపు వాళ్ల మీటింగుల నేను గూడ గిట్లనే కూసుంట. పిలిచి కూసోబెట్టి కండువ కప్పితే, మళ్ల గా ఇంటికి ఏం మొకం పెట్టుకొని పోవాలె నేను?"

నాయకుడి నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ కళ్లలోంచి వెళ్లిపోయింది. అప్పుడు సారు రెండు చేతులతో కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయన చేతికే ఇచ్చారు. "బట్ట చాలా బాగుందండీ. కాకపోతే నాకు ఇంట్లో ఒకటుందండీ" అన్నారు. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. నాయకుడికి కూడా నవ్వక తప్పలేదు. సారు మళ్లీ కూర్చుని సభ చివరిదాకా విన్నారు. ఆ రోజు కూడా చప్పట్లు కొట్టలేదు.

సభ అయితే ముగిసింది గానీ ఫోటో పేపరాఫీసుకు వెళ్లిపోయింది. తెల్లారేసరికి ఊరంతా చూస్తుంది. తాత స్కూటరు తీశాడు. "కూసోన్రి సారూ, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. నేను ఏడ్చి మరీ స్కూటరు మీద ముందు నిలబడ్డాను. సారు వెనక కూర్చుని తాత భుజాలు పట్టుకున్నారు. అబిడ్స్ ట్రాఫిక్‌లో, హారన్ల మధ్య, ఇద్దరూ నీళ్ల పన్ను గురించి వాదించుకుంటూనే ఉన్నారు. "ముందు చూసి నడపండి షావుకారుగారూ, పన్ను సంగతి తర్వాత!" అని సారు అరవడం నాకింకా వినిపిస్తోంది.

పేపరాఫీసులో కళ్లజోడాయన తల ఎత్తి, "ఫోటో వేస్తే ఎవరికండీ అభ్యంతరం?" అన్నాడు.

"నాకు" అన్నాడు తాత.

"మీదే పార్టీ?"

"గీయన చేరిండని మీరు రాస్తున్నరు చూడు, గా పార్టీయే."

"మరి మీకు మంచిదే కదా?"

"మంచిదేనయ్యా. కానీ సారు చేరలె. నాకెర్కే. ఇన్నేండ్ల సంది నేనే రమ్మంటున్న, వస్తలేడు!"

ఆ గదిలో వాళ్లంతా పని ఆపి నవ్వారు. ఫోటో ఆగిపోయింది. తిరుగుదారిలో ఇరానీ హోటల్లో చాయ్ తాగారు, నాకు బిస్కట్లు కొనిపెట్టారు. నీళ్ల పన్ను సంగతి మాత్రం తేలలేదు.

తాతకు టికెట్టు రాలేదు. స్టేజీ మీద నాయకుడి మాట కొట్టేసినవాడికి ఎవరిస్తారు? కొన్నాళ్లు తాత పేపరు ఇంటి లోపలే చదువుకున్నాడు. ఓ ఉదయం సారు గల్లీ దాటి వచ్చి తాత అరుగు మీదే కూర్చున్నారు. "నా మూలంగా పోయిందండీ" అన్నారు, అమ్మమ్మ ఇచ్చిన చెంబులోని నీళ్లకేసి చూస్తూ.

"ఊకోన్రి సారూ. నిలబడితే మీరు నాకు ఓటేస్తుంటిరా?"

సారు నిజంగానే ఆలోచించారు. "వెయ్యనండీ" అన్నారు.

"ఇగ చూడున్రి!" అని తాత తొడ మీద చరుచుకుని నవ్వాడు. లోపలి నుంచి అమ్మమ్మ, "చీరలు మళ్ల బీరువల పెట్టాల్నా ఏంది?" అని కేకేసింది.

ఆ ఎన్నికల్లో మా వార్డు నుంచి ఎవరు గెలిచారో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అమ్మకు ఫోన్ చేసి అడిగితే తనకూ గుర్తులేదు. అయిదేళ్లు ఏలడానికి గెలిచిన మనిషిని కాలం ఎక్కడ దించేసిందో గానీ, టికెట్టు పోగొట్టుకున్న మా తాత మాత్రం సారును వెనక కూర్చోబెట్టుకుని, అబిడ్స్ ట్రాఫిక్‌లో వాదిస్తూ వాదిస్తూ, ఇంకా వెళ్తూనే ఉన్నాడు.