రెండు చేతులూ ఎత్తేటప్పుడు

నా చిన్నప్పుడు మా మేనత్త మా ఇంట్లో ఒక నియమం పెట్టింది. గుడికి పోయినా, తిరనాళ్ళకు పోయినా ఇద్దరు కలిసి పోవాలి. ఒకరు చేతులెత్తి మొక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడి వాళ్ళ సంచో, జేబో, నడుమున దోపుకున్న మూటో పట్టుకుని ఉండాలి. వాళ్ళ మొక్కు అయ్యాక వీళ్ళ వంతు. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. దేవుడి ముందు కూడా కాపలానా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ నియమం ఎందుకొచ్చిందో ఇంట్లో ఇద్దరికే తెలుసు, అత్తకూ నాకూ. అత్త పోయి చాలా ఏళ్ళయింది. నేను మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పిల్లలకు పాఠాలు చెప్పి, పెన్షను పుచ్చుకుని, ఈ వయసుకు వచ్చాను. చివరికి దాన్ని రోము నగరంలో ఒక చర్చి బల్ల మీద కూర్చుని చెప్పవలసి వచ్చింది.

మాది ఐరాల దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడికి మూడేళ్ళు ఉన్నప్పుడు వాడికి అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ రెండు కళ్ళలోనూ పువ్వు వేసింది. ఒక కంటి మీద ఆశ పెట్టుకోవద్దని చిత్తూరు ఆసుపత్రి డాక్టరు అప్పుడే చెప్పేశాడు. రెండో కంటికి చుక్కల మందు ఇచ్చి, చూద్దాం అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ రోజులు నెట్టింది. పొద్దున్నే వాణ్ణి గడప మీద కూర్చోబెట్టి, మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించేది. చూపు చేతి వెంట తిరిగిందనిపించిన రోజు మాకందరికీ బెల్లం ముక్క దొరికేది. తిరగని రోజు ఆమె అన్నం తినేది కాదు.

ఆమె తిరుమల స్వామికి వెండి కళ్ళు మొక్కుకుంది. తమ్ముడి నడుముకున్న వెండి మొలతాడు విప్పి, ఆచారి చేత కరిగించి, దానితోనే రెండు కళ్ళు చేయించింది. రేకు మీద రెప్పలు గీసి, మధ్యలో గుడ్డు ఉబ్బెత్తుగా కొట్టి, ఆచారి చాలా ముద్దుగా చేశాడు. నేను వాటిని నా కళ్ళ మీద పెట్టుకుని ఆడబోతే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. పసుపుగుడ్డలో ముడుపు కట్టి అత్త చేతికిచ్చింది. అత్త అంటే నాయనకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, మమ్మల్నే తన పిల్లలనుకుని బతికింది. అది గానుగలాడే కాలం, నాయన బెల్లం పొయ్యి దగ్గర నుంచి కదలడానికి లేదు. అమ్మ తమ్ముణ్ణి వదిలి రాలేదు. అందుకని అత్తనూ, తోడుగా నన్నూ పంపారు.

చిత్తూరులో తిరుపతి బస్సెక్కాం. కూర్చునే చోటు లేదు. అత్త పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. ముడుపు ఎడమపక్క నడుమున దోపుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా, ఎవరైనా తగిలినప్పుడల్లా ఆమె చెయ్యి అక్కడికి పోయి తడిమి వచ్చేది. ఉందో లేదో అన్న భయం. ఆ భయమే ముడుపు ఎక్కడుందో బస్సంతటికీ చాటి చెబుతోందని పాపం ఆమెకు తెలియదు.

మా పక్క సీట్లో ఒకాయన ఉన్నాడు. కొత్తగా చేయించుకున్న గుండు, గుండు మీద ఇంకా ఆరని గంధం, నుదుట నామం. రా పాపా అని నన్ను పిలిచి తన పక్కన ఇరికించి కూర్చోబెట్టుకున్నాడు. ఒళ్ళో బొరుగులు పోశాడు. ఆయన నాకు ఎంతో నచ్చాడు. గుండు గంధంతో ఉన్నవాడు కొండ దిగి ఇంటికి పోతూ ఉండాలి గానీ కొండకు పోతూ ఉండడని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. అత్తకూ ఆ రోజు తట్టలేదు. గంధం చూస్తే మాకు భక్తే గానీ అనుమానం పుట్టదు.

కాసేపయ్యాక ఆయన నా చెవిలో అడిగాడు. "మీ అత్తకు కడుపునొప్పా పాపా? ఊరికే ఆడ పట్టుకుంటా ఉండాది."

నేను కిసుక్కున నవ్వాను. "కడుపునొప్పి గాదు. ఆడ మా తమ్ముడి కండ్లుండాయి, వెండివి" అన్నాను.

ఆయన మిగిలిన బొరుగులన్నీ నా ఒళ్ళో కుమ్మరించి, అత్తను కూర్చోమన్నట్టుగా లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. అత్త మొహమాటపడి, కూర్చోకుండా అట్లాగే నిలబడింది. చంద్రగిరి దాటి కొంతదూరం పోగానే కొండ కనబడింది. మొదట గోవిందా అని అరిచింది ఆయనే. బస్సంతా ఒక్కసారిగా గోవిందా అంది. అత్త కమ్మీ వదిలేసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ తలపైకెత్తి జోడించింది. ఆమె చెంపల మీద నీళ్ళు కారడం నేను చూశాను. నేనూ బొరుగులు జారిపోతున్నా లెక్కచెయ్యక రెండు చేతులూ ఎత్తాను. తిరుపతి ఊళ్ళోకి రాకముందే బస్సు ఒకచోట ఆగితే ఆయన దిగిపోయాడు.

బస్టాండులో దిగాక అత్త నడుము తడుముకుంది. మళ్ళీ తడుముకుంది. చీర దులిపింది. బస్సులోకి తిరిగి ఎక్కి సీట్ల కింద మోకాళ్ళ మీద పాకుతూ వెతికింది. కండక్టరు చూసి, "ఈడ దినామూ ఇంతేనమ్మా, పట్టుకోని ఉండాల్సింది గదా" అన్నాడు. ఆమె బస్సు మెట్టు మీద కూర్చుండిపోయింది. నాకు అప్పుడర్థమయింది. "నేనే చెప్పినా అత్తా, ఆయన అడిగితే నేనే చెప్పినా" అని ఏడుపు మొదలుపెట్టాను. నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె అరచేత్తో నా నోరు మూసింది. "నువ్వేం చెప్పలేదు. నేను రెండు చేతులూ ఎత్తినా. జరిగింది అంతే. యాడా, ఎవురితోనూ వేరేగా అనగాకు" అంది.

ఊరికి తిరిగివచ్చేటప్పుడు నేను అడిగాను, ఒక్క చెయ్యి ఎత్తి ఉంటే సరిపోయేది కదా అని. "స్వామికి ఒంటిచేత్తో మొక్కుతారా మే?" అంది. "నిన్ను పట్టుకోమని చెప్పింటే పోయేది గాదు. చెప్పకపోవడం నాదే తప్పు." నియమం అక్కడ పుట్టింది.

అంతకుముందు, ముడుపు లేకపోయినా ఆమె నన్ను తీసుకుని కొండకు పోయింది. దర్శనం అయ్యాక హుండీ దగ్గర నిలబడి, ఖాళీ చేతిని పిడికిలి బిగించి, మోచేతిదాకా లోపలికి పెట్టి, వేళ్ళు విప్పి, తీసుకుంది. ఎందుకట్లా చేసిందో ఇంటికి చేరాక తెలిసింది. అమ్మ గడపలోనే ఎదురొచ్చి ఆత్రంగా అడిగితే, అత్త ఆమె మొహం చూడకుండా, "హుండీలో చెయ్యి పెట్టి వచ్చినా వదినా" అంది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అమ్మ ఆ చేతిని పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆరు నెలలు తిరక్కుండా తమ్ముడి రెండో కన్నూ పోయింది. డాక్టరు అది మొదటినుంచీ పోయే కన్నేనని చెప్పాడు. అమ్మ ఆ మాట వినలేదు. మొలతాడు కరిగించి ఇచ్చాను కదా, ఇంకేం కావలసి వచ్చింది ఆయనకు అని గూట్లోని స్వామి పటాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ ఇటు తిప్పలేదు. ఊరందరూ కొండకు పోతుంటే తలుపు వేసుకునేది. అత్త రోజూ ఆ పటం వెనకవైపు చూస్తూనే ఇల్లు ఊడ్చేది. ఎన్నోసార్లు అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఏదో చెప్పబోయి, కూరలు తరిగి లేచి వచ్చేది. చెబితే నా పేరు కూడా బయటికొస్తుందని ఆమె భయం. నాకూ అదే భయం. నేను టీచరునయ్యాను, అబద్ధం ఆడకూడదని పిల్లలకు చెప్పాను, మా అమ్మకు మాత్రం నిజం చెప్పలేదు. స్వామి మీద కోపంతోనే ఆమె కన్ను మూసింది. ఆయనకు అందని మొక్కుకు ఆయన్ను తిట్టుకుంటూ పోయింది. దీన్ని తలుచుకున్నప్పుడు నా మీద నాకు కలిగే అసహ్యం ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

పోయిన ఏడాది, శ్రీ సిటీలో పనిచేసే మా అమ్మాయిని కంపెనీవాళ్ళు శిక్షణకని ఇటలీ పంపారు. చివరి వారం నన్ను కూడా రప్పించుకుని రోము చూపించింది. విమానం దిగిన దగ్గర నుంచి ఒకటే హెచ్చరికలు. సంచి ముందుకు వేసుకో. పాస్‌పోర్టు గదిలో పెట్టు. చేతికి దారం కడతామని వచ్చేవాళ్ళకు చెయ్యి ఇవ్వొద్దు. కాగితం మీద సంతకం పెట్టమంటే ఆగొద్దు. ఎవరైనా మరీ మంచిగా మాట్లాడితే అసలు పలకొద్దు. నేను అన్నిటికీ తలూపాను. తిరుపతి బస్టాండు చూసినదానికి ఈ పిల్ల పాఠాలు చెబుతోందని లోపల నవ్వుకున్నాను. మెట్రోలో జేబుదొంగలున్నారు జాగ్రత్త అని మైకులో చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎవరి జేబు వాళ్ళు తడుముకున్నారు. "సూడు, ఎవురెవురు యాడ పెట్టుకున్నారో అందురూ చెప్పేసినారు" అన్నాను. అత్త నియమం కూడా చెప్పాను. అమ్మాయి మా ఊరివాళ్ళలాగే నవ్వింది.

మూడో రోజు ఒక పాత చర్చికి వెళ్ళాం. జనం కిక్కిరిసి ఉన్నారు. పక్కగదిలో గోడకు అద్దం బిగించి, దాని వెనక మొక్కుబడులు వేలాడదీశారు. వెండి గుండెలు, వెండి కాళ్ళు, చేతులు. వాటి మధ్య, ఒక చిన్న రేకు మీద, రెండు కళ్ళు. రెప్పలు గీసి, గుడ్డు ఉబ్బెత్తుగా కొట్టి. మా ఆచారి చేసినట్టే ఉన్నాయి. ఏ తల్లి ఎవరికోసం ఇచ్చుకుందో. ఇక్కడివి చేరాయి కదా అనుకున్నాను. అంతవరకే నాకు గుర్తు. నా రెండు చేతులూ తలపైకి లేచిపోయాయి, నోట గోవిందా అన్న మాట గట్టిగా వచ్చేసింది. ఆ చర్చిలో, అంతమంది మధ్యలో. దొంగలూ గుర్తులేరు, సంచీ గుర్తులేదు. అత్త చేతులు ఆ రోజు ఎట్లా లేచాయో అప్పుడు తెలిసింది.

చేతులు దించి వెనక్కి తిరిగితే మా అమ్మాయి నిలబడి ఉంది. నా సంచిని రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ కాపలా కాస్తోంది. నవ్విన పిల్లే. నేను అక్కడి బల్ల మీద కూలబడి ఏడ్చాను. దానికి మొత్తం చెప్పాను. అది చాలాసేపు నా వీపు నిమిరి, "మామకు చెప్పు మా. ఇప్పుడే చెప్పు" అని ఫోను కలిపి నా చేతికిచ్చింది.

మా తమ్ముడు ఐరాలలో చాలా ఏళ్ళు ఎస్టీడీ బూత్ నడిపాడు. ఎవరి గొంతులో ఏముందో వాడికి ఇట్టే తెలుస్తుంది. నేను పలకరించగానే ఏమైందక్కా అన్నాడు. చెప్పాను. ముడుపు కొండకు చేరలేదని, ఆ మనిషికి చెప్పింది నేనేనని, అత్త నన్ను కాపాడటానికే నోరు మూసుకుందని చెప్పాను. నా కళ్ళు పోయాయే అంటాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు చెప్పకపోతే పోనీలే" అన్నాడు. "అమ్మకు చెప్పింటే బాగుండునక్కా. స్వామితో మాట్లాడతా పోయుండేది."

తర్వాత వాడే అడిగాడు, "ఆడ గోడ మీద ఉండే కండ్లకు రెప్పలు గీసినారా?" అని. గీశారని చెప్పాను. ఎన్ని వెంట్రుకలు గీశారని అడిగాడు. లేచి మళ్ళీ అద్దం దగ్గరికి పోయి, లెక్కపెట్టి చెప్పాను.

చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. చెప్పవలసిన మనిషి లేదు. ఊరికి వచ్చాక తమ్ముడే కొండకు పోదాం అన్నాడు. మళ్ళీ వెండి కళ్ళు చేయిద్దామా అంటే, "ఈ వయసులో ఎందుకులే, అవిటికీ అద్దాలు కొనియ్యాల్సొస్తాది" అని నవ్వాడు. చిత్తూరులో బస్సెక్కాం. చంద్రగిరి దాటాక, "కనపడతా ఉండాదా అక్కా?" అని అడిగాడు. కనపడుతోందన్నాను. వాడు రెండు చేతులూ తలపైకెత్తాడు. నేను వాడి చొక్కా జేబు పట్టుకున్నాను. అందులో ఒక పాత ఫోను, దువ్వెన తప్ప ఏమీ లేవు. వాడు చేతులు దించేదాకా పట్టుకునే ఉన్నాను.

అప్పుడు వాడి చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి నా సంచిని అందుకుంది. పట్టీని వేళ్ళకు ఒక చుట్టు చుట్టుకున్నాడు. "ఇంక నువ్వు మొక్కక్కా. నేను పట్టుకున్నా" అన్నాడు.

కొండవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాను. గోవిందా అనబోయాను. అమ్మా అని వచ్చింది.