అక్కకు కొలిచి పెట్టిన బువ్వ

మా చిన్నప్పుడు... నాచారంలో మేం కిరాయికున్న రెండు గదుల ఇంట్లో, బట్టల బీరువాకు కూడా లేని తాళం చక్కెర డబ్బాకు ఉండేది. తాళంచెవి అమ్మ కొంగు ముడిలో.

మా అక్కకు పద్నాలుగేళ్లకే షుగర్ వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిన రకం. "ఎంత బువ్వ తింటే అంతకు తగ్గట్టు సూది... కొలిచి పెట్టండి" అని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పి పంపింది. అమ్మకు ఆ మాట బైబిల్ వాక్యమైపోయింది.

ఇక ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. "దానికొక తీరు, మనకొక తీరు వండితే దాని మనసు కలుక్కుమంటది" అనేది అమ్మ. ఆలుగడ్డ తగ్గింది, సొరకాయ పెరిగింది. పచ్చిపులుసులో బెల్లం ముక్క పోయింది. చాయ్‌లో చక్కెర పోయింది. ఆ చాయ్ తాగలేక నాన్న, కంపెనీ నుంచి వస్తూ చౌరస్తాలో తాగేసి, ఇంటికొచ్చాక "జర తలనొప్పిగుంది, చాయ్ వద్దు" అనేవాడు. అమ్మ నమ్మితే కదా...

అక్క తినే అన్నాన్ని అమ్మ ఒక స్టీలు గిన్నెలో నింపి, పైన గంటెతో చదును చేసి, అక్క తినే కంచం, అదే తలెలో బోర్లించేది. ఆ గిన్నెతో ఇంకెవరూ నీళ్లు కూడా ముంచుకోకూడదు.

ఇంత చేసినా... తిన్నాక వేలు గుచ్చి మిషన్‌లో చూస్తే షుగర్ ఎక్కువే. ఒకరోజు కాదు, ఇంచుమించు రోజూ.

"ఏం తిన్నవ్?"

"నువ్వు పెట్టిందే తిన్న."

"మరి గిట్లెట్ల ఎక్కుతది?"

అలా మా ఇంట్లోకి అనుమానం వచ్చి కూర్చుంది. అమ్మ అక్క స్కూలు బ్యాగు దులిపేది, డ్రెస్సు జేబులు వాసన చూసేది. ఉప్పల్‌లో అక్క స్కూలు పక్కనున్న బేకరీకి పోయి, "మా పెద్దపిల్ల గిటొస్తదా అన్నా" అని అడిగొచ్చింది. రాదని అతను చెబితే అతని మీదా అనుమానమే. చిల్కానగర్‌లో అక్క దోస్తు ఇంటికి పోవడం బంద్. చర్చిలో ఎవరైనా కేకు ముక్క ఇస్తే అక్క చెయ్యి కన్నా ముందు అమ్మ చెయ్యి లేచేది.

నన్ను వంటింట్లోకి పిలిచి, "నువ్వే తెచ్చిస్తున్నవ్ గదా" అంది ఒకసారి. నేను అక్కకన్నా బాగా చిన్నదాన్ని. ఏమీ తెచ్చివ్వలేదు... కానీ అమ్మ చూసిన చూపుకి, ఇచ్చానేమో అని నాకే అనుమానమొచ్చింది. ఇక నేనూ అక్క వెనక పడ్డాను. అక్క బాత్రూంలోకి పోతే తలుపుకు చెవి ఆనించి, నమిలే చప్పుడు వస్తుందేమో అని వినేదాన్ని. నీళ్ల చప్పుడే వచ్చేది.

ఒకరోజు నాన్న ముందూ, మాతోనే ఉండే నానమ్మ ముందూ అమ్మ అనేసింది. "నేను ఇంత జేస్తున్న... నువ్వు దొంగతనంగ తినుకుంట, మీదికెళ్లి అబద్ధమాడుతున్నవ్."

అక్క ఏడవలేదు. అమ్మతో మాట్లాడటం మానేసింది. పెట్టింది తినేది, వేలు చాపేది, అంతే. ఇలాగే ఉంటే మళ్లీ దవాఖానాలో చేర్చాలని డాక్టరమ్మ కూడా చెప్పింది. నాకు చాలా భయమేసింది... అక్కకు ఏమైనా అవుతుందని, అమ్మా అక్కా ఇక ఎప్పటికీ మాట్లాడుకోరని.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ చికెన్ వండింది. ప్రార్థన చేసుకుని చాప మీద కూర్చున్నాం. ఎప్పుడూ అందరి తర్వాత తినే అమ్మ, ఆ రోజు తలె తెచ్చుకుని అక్కకు ఎదురుగా కూర్చుంది... కాపలాకి.

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరు తింటున్నా, బాగా కలిసిన ముద్ద ఒకటి పక్కనున్న పిల్లల నోట్లో పెట్టాల్సిందే. పెట్టకపోతే వాళ్లకు తిన్నట్టే ఉండదు. నానమ్మ "సన్నగైంది పిల్ల" అంటూ ఒక ముద్ద అక్కకు పెట్టింది. కాసేపటికి నాన్న, కూర రసంతో కలిపింది ఒకటి. ఆఖర్లో నానమ్మే పెరుగన్నం ముద్ద ఇంకొకటి. అమ్మ రెప్ప వేయకుండా అక్క చేతుల్నే చూస్తోంది. అలా చూస్తూ చూస్తూనే... మాటలు లేకపోయినా... కార్జం ముక్క పెట్టి తన తలెలో ముద్ద కలిపి, అక్క నోటి దాకా తెచ్చింది.

అక్క నోరు తెరవలేదు. అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా... దీన్ని గూడ గిన్నెల కొలువు."

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేను ఒక్క ముద్దనే పెడ్త గదా బిడ్డా" అంది నానమ్మ మెల్లగా. నాన్న తలెలోంచి తల ఎత్తలేదు. పూటపూటా అందరూ పెడుతున్నారు. అందరికీ అది ఒక్క ముద్దే. తిండి అని ఎవరికీ తోచలేదు... కొలిచి పెట్టే అమ్మకు కూడా.

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే?" అంది అమ్మ.

"చెప్తే మీరు పెట్టుడు బంద్ చేస్తరు గదా" అంది అక్క.

అమ్మ ఎంగిలి చేత్తోనే అక్కను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. అక్క కూడా అప్పుడే ఏడ్చింది.

మర్నాటి నుంచి అక్క గిన్నెలో అన్నమే తలా కొంచెం తీసుకుని, కూర కలిపి, అక్క నోట్లో పెట్టేవాళ్లు. షుగర్ మెల్లగా దారికొచ్చింది.

ఇప్పుడు అక్క పీర్జాదిగూడలో ఫ్లాట్‌లో ఉంటోంది. చేతికి చిన్న బిళ్ల అతికించుకుంటే షుగర్ ఎంతుందో ఫోనే చెప్తుంది. ఏం తిన్నావని ఎవరూ అడగరు... ఎవరి ప్లేటు వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. మొన్న వాళ్లింట్లో భోంచేస్తుంటే, నా చెయ్యి తెలియకుండానే ముద్ద కలిపి అక్క వైపు సగం దాకా లేచింది. ఏమనుకుంటుందో అని నేనే తినేశాను.

మీ నోట్లో ఆఖరిసారి ముద్ద పెట్టిందెవరో జర చెప్పండి... చదివితే నాకూ కొంచెం ధైర్యమొస్తుంది.