మా డ్రిల్లు మాస్టారి విజిల్

మా డ్రిల్లు మాస్టారు రిటైరైనా మెడలోంచి విజిల్ తియ్యలేదు. స్కూల్లో అది మోగితే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగాల్సిందే. ఆగడం తెలియనిది ఆయనకే, జ్వరంతోనూ పరిగెత్తేవారు.

హెర్నియా ఆపరేషనయ్యాక డాక్టరుగారు కొన్నాళ్ళపాటు రోజుకి ఒక్క రౌండు నడకే అన్నారు. ఆయన వింటారని తిరువూరులో ఎవరూ నమ్మలేదు. మొదటిరోజు పొద్దున్నే గ్రౌండుకొచ్చి, పొట్ట మీద చెయ్యేసుకుని, మెల్లగా రౌండు పూర్తిచేశారు. వెంటనే విజిల్ మోగింది. వాకింగుకొచ్చిన మేం, ఆయన పాత విద్యార్థులం, నలభై దాటినవాళ్ళం, ఠక్కున నిలబడిపోయాం.

"మీరెందుకాగారర్రా? నేనూదింది నాకు!" అంటూ మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు.

"ఎవరండీ ఆయన?" అని పక్కన నడుస్తున్న కొత్తాయన అడిగాడు.

"మా మాస్టారండీ" అన్నాను, కాస్త గట్టిగానే.