మాల తీసేముందు అడిగిన మాట

తాగుడు మానడానికి మా తమ్ముడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మా కంభం వైపు చాలామంది చేసే పనే అది. దీక్షలో ఉన్నన్ని రోజులూ సీసా ముట్టరు. అక్కనైనా నేనూ వాణ్ణి స్వామీ అనే పిలిచాను.

ఇంకో మూడు రోజుల్లో మాల తీస్తాడనగా మా వాకిట్లో కూర్చున్నాడు. దీక్షలో ఆడవాళ్లను మాతా అనాలి. వాడు అక్కా అన్నాడు.

"అక్కా, మాల తీసినాక ఆగుతానని నాకు నమ్మకం లేదు. మార్కాపురంలో తాగుడు మాన్పించే ఆస్పత్రి ఉందంట, కనుక్కోరాదా."

"స్వామివై ఉండి ఆస్పత్రి ఏంది? నమ్మకం లేనోడివి మాలెందుకు వేసుకున్నావు?" అని వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్లు లేరు. వాడు లేచి వెళ్లిపోయాడు.

మాల తీసిన రోజే తాగాడు. ఏడాది తిరక్కుండా చనిపోయాడు.

మరుసటి నెల ఆ ఆస్పత్రికి వెళ్లాను. ఎందుకని నన్నడగొద్దు. వెతికే పనే లేకపోయింది, బస్టాండులో మొదట అడిగిన ఆటో అతనే తీసుకెళ్లి దించాడు.

"ఎవరికి అక్కా?" అంది నర్సు.

"మా తమ్ముడికి."

"బలవంతంగా తెస్తే కష్టం. తనంతట తాను వస్తానన్నాడా?"

"వాడే అడిగినాడు."

"అయితే సగం నయమైనట్టే. రేపే తీసుకురా" అంటూ ఆమె కొత్త కార్డు తీసి పేరు అడిగింది.

చెప్పాను. వయసు కూడా చెప్పాను.