ఖాసింబీ దూది, మా ఎర్ర బకెట్లు

అది 1979. ఆదోనిలో ప్రభుత్వ అద్దె ఇళ్లు చూసే ఆఫీసులో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి రెండేళ్లయింది. వర్క్ ఇన్‌స్పెక్టరంటే ఇంజనీరూ కాదు, మేస్త్రీ కాదు. ఇద్దరికీ నడుమ నిలబడి ఇద్దరి చేతా మాటలు పడే మనిషి. మిద్దె కురిసినా, కొళాయి కారినా, తలుపు పట్టేసినా అద్దెకున్నవాళ్లు ముందు తిట్టేది మమ్మల్నే.

నా కిందున్న కాలనీ పత్తి మార్కెట్ యార్డుకు వెనకవైపు. వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం అరవై నాలుగు పోర్షన్లు. పోర్షన్ అంటే ఒక గది, ఒక వంటిల్లు, వెనక నాలుగడుగుల పెరడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఒకరింట్లో దగ్గితే పక్కింట్లో మంచినీళ్లు కావాలా అని అడిగేవాళ్లు. యార్డులో మూటలు మోసే హమాలీలు, జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లు, కోసిగి వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు అందులో ఉండేవి.

ఆ ఏడు వేరే జిల్లాలో ఎక్కడో ఇలాంటి క్వార్టర్లే ఒక వరుస కాలిపోయాయి. దాంతో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అద్దెకున్న వాళ్లందరికీ అగ్ని ప్రమాదాల గురించి సలహాలు చెప్పాలి, విన్నట్టు వేలిముద్రలు తీసుకోవాలి, నాలుగిళ్లకు ఒకటి చొప్పున ఇసుక నింపిన ఫైర్ బకెట్ వేలాడదీయాలి. నా కాలనీకి పదహారు బకెట్లు వచ్చాయి.

ఫైర్ బకెట్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఎర్ర రంగు వేసి ఉంటుంది. అడుగు చదునుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. నేల మీద పెడితే నిలబడదు, దొర్లిపోతుంది. ఇంటి పనికి పనికిరాకూడదని, ఎవరూ పట్టుకుపోకూడదని కావాలనే అలా చేస్తారని మా సూపర్‌వైజర్ చెప్పాడు. ఎంత తెలివైన ఏర్పాటో అనుకున్నాను. రెండు నెలల తర్వాత లెక్క చూడబోతే కొక్కేలు పదహారూ ఉన్నాయి, బకెట్లు మూడే ఉన్నాయి.

మిగతావి వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగాను. గుండ్రటి అడుగు మూడు రాళ్ల పొయ్యి మీద చక్కగా కూర్చుంటుందని నాకు అంతవరకూ తోచలేదు. నాలుగిళ్లలో అందులో స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. ఒకరింట్లో మేకకు కుడితి. ఒకరు దాన్ని నేలలో సగం పాతి, తడి ఇసుక మీద మజ్జిగ కుండ పెట్టుకున్నారు. మూడో వరుసలో ఒక బకెట్లో కోడి పొదుగుతోంది. తీయబోతే ఇంటావిడ అడ్డం వచ్చి, ఇంకా పది దినాలు కావాల, ఆ పైన నీ బకెట్టు నువ్వు తీసుకోపో అని గడువిచ్చింది. ఆ బకెట్టు కనిపెట్టినవాడు ఆదోని రాలేదని నాకు అర్థమైంది.

సలహాల సంగతి ఇంకా బాగుంది. సర్క్యులర్‌తో పాటు ఒక కాగితం వచ్చింది. 'దహనశీల పదార్థములను నివాస గృహములయందు నిల్వయుంచరాదు' అని మొదలయ్యేది. వేపచెట్టు కింద ఆడవాళ్లను కూర్చోబెట్టి అది మొత్తం చదివాను. పురాణం విన్నంత భక్తిగా విన్నారు. అయిపోయాక ఏమైనా అడగాలా అంటే, కొళాయి నీళ్లు ఎప్పుడిడుస్తారని అడిగారు. వేలిముద్రలు మాత్రం అరవై నాలుగూ పడ్డాయి.

ఐదో వరుస చివరి పోర్షన్‌లో ఖాసింబీ ఉండేది. యాభై దాటిన దూదేకుల మనిషి. భర్త పోయాడు, కూతురిని ఎమ్మిగనూరులో ఇచ్చింది. ఒక్కతే పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి బతికేది. మిల్లుల్లో మిగిలిన వేస్టు దూది తెచ్చి, విల్లుతో ఏకి, గదిలో చూరు దాకా పేర్చేది. నేను మొదటిసారి తలుపు తీసి చూసినప్పుడు, సర్క్యులర్‌లో ఉన్న దహనశీల పదార్థమంతా ఒకే గదిలో కనిపించింది.

రూలు ప్రకారం నేను రిపోర్టు రాయాలి. రాస్తే నోటీసు వస్తుంది, నెలలో ఆమె ఇల్లు ఖాళీ చేయాలి. రాయకుండా ఉండి ఏమైనా జరిగితే వరుసలో ఎనిమిది కాపురాలూ కాలిపోతాయి. దూది ఇంట్లో ఉంచకూడదమ్మా అని నెమ్మదిగానే చెప్పాను. ఆమె సూది ఆపకుండా విన్నది.

"సెప్పేది సెప్పినావు. మరి యాడ పెట్టాలప్పా? అదీ సెప్పిపో."

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను, అందులో అది లేదు. రిపోర్టు మర్నాడు రాద్దామని వచ్చేశాను. ఆషాఢం వచ్చింది గాని ఆ మర్నాడు రాలేదు.

ఆషాఢంలో మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారని కబురొచ్చింది. మేం ఇ.ఇ. గారు అనేవాళ్లం. ఆయన కర్నూలులో ఉంటారు, మా అందరికీ పైవాడు. వచ్చి ఊరికే చూసి పోరట. అద్దెదారుల ఎదుట డెమాన్‌స్ట్రేషన్ చేయాలట. అంటే నిజంగా ఒక మంట వేసి, ఇసుక బకెట్‌తో ఆర్పి చూపించాలి. ఆర్పేది నేను.

కాలనీ వాచ్‌మన్ తిమ్మప్పను పిలిచి, రెండు రోజుల్లో బకెట్లన్నీ తెచ్చి, మసి తోమి, రంగు వేసి, ఇసుకతో నింపి వేలాడదీయమన్నాను. తిమ్మప్ప మాట తప్పే మనిషి కాదు. చెప్పినదానికంటే ఒక్క పిసరు ఎక్కువ చేసే మనిషీ కాదు. కోడిని ఎలా ఒప్పించాడో తెలియదు గాని, రెండో రోజు సాయంత్రానికి పదహారు బకెట్లూ ఎర్రగా మెరుస్తూ కొక్కేలకున్నాయి.

మంటకు ఏదో ఒకటి కావాలి కదా. ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున ఖాసింబీ దగ్గరకే వెళ్లి, పనికిరాని దూది ఒక గంపెడు ఇమ్మని అడిగాను. దూది ఉంచుకోకూడదన్నవాడే దూది అడగడం ఆమెకు వింతగా తోచినట్టుంది, అయినా సూది ఆడిస్తూనే ఉంది. సంగతి చెప్తే మాత్రం చేయి ఆపి నా ముఖం చూసింది.

"ఆసాడం గాలప్పా ఇది. దూదికి నిప్పు పెడితే ఈడ ఉండదు, పోతాది. తడి బొంత ఒగటి పక్కన పెట్టుకో."

సర్క్యులర్‌లో ఇసుక ఉంది గాని బొంత లేదన్నాను. ఆమె గంప నింపి ఇచ్చింది. నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి, పాత బొంతల్ని పెరట్లో నీళ్ల తొట్టిలోకి తోస్తున్న చప్పుడు వినిపించింది. ఇంత నీళ్ల కరువులో బొంతలు ఉతుకుతోందేమిటా అనుకున్నాను.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. ఇ.ఇ. గారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, మేం వేయించిన షామియానా కింద కుర్చీలో కూర్చున్నారు. కాలనీ అంతా చుట్టూ చేరింది. అగ్ని యొక్క స్వభావం గురించి ఆయన పావుగంట మాట్లాడి, ఇక కానివ్వండి అన్నట్టు నావైపు చూశారు.

గంపెడు దూది కుప్ప పోసి, అగ్గిపుల్ల గీసి అంటించాను. ఒక్క క్షణం మంట చక్కగా, పాఠంలో చెప్పినట్టే లేచింది. గాలి వచ్చింది. కుప్ప మీది దూది పింజలు మండుతూనే లేచి, కాకుల గుంపులా బయలుదేరాయి. కొన్ని షామియానా అంచుకు తగిలాయి. కొన్ని మొదటి వరుస చివరింటి ముందున్న జొన్నదంటు పందిరి మీద వాలాయి. ఆ పందిరి కింద చీర ఉయ్యాలలో నెలల పిల్ల ఉంది.

పరుగెత్తి దగ్గరున్న బకెట్ లాగి మంట మీదికి విసిరాను. పైన ఒక పిడికెడు ఇసుక పడింది, ఆ వెనక జలజలమని ఉలవలు పడ్డాయి. కోసిగి నుంచి వచ్చిన లక్ష్మక్క తన ఊళ్లో చేనుకని దాచుకున్న విత్తనం అది. పురుగు పట్టకుండా పైన ఇసుక కప్పి పెట్టుకుంది. తిమ్మప్ప నిండుగా ఉన్న బకెట్ చూసి, పైన ఇసుకే కదా అని రంగు వేసి తగిలించాడు. మంట మీద ఉలవలు వేగి కమ్మటి వాసన వచ్చింది. ఇ.ఇ. గారు లేచి నిలబడి, అదేమిటని అడిగారు. ఉలవలు సార్ అన్నాను. ఇసుక ఎక్కడ అన్నారు. అడుగున ఉంటుంది సార్ అన్నాను.

రెండో బకెట్‌లో నిజంగానే ఇసుక ఉంది. దాన్ని గాలికి ఎదురు విసిరాను. ఆ ఇసుకంతా ఇ.ఇ. గారి ముఖం మీద పడింది.

ఈలోపు ఖాసింబీ వచ్చింది. తడి బొంతను భుజాన వేసుకుని, ఆ బరువుకు ఒక పక్కకు వంగి, పరుగూ నడకా కాని వేగంతో వచ్చి, ముందు పందిరి దగ్గరకే వెళ్లింది. పిల్లను అప్పటికే తల్లి ఎత్తుకుంది. ఇద్దరు ఆడవాళ్లు అందుకోగా బొంతను పొగ లేస్తున్న దంటు మీద పరిచారు. బుస్సుమని ఆవిరి వచ్చింది. రెండో బొంత తిమ్మప్ప తెచ్చాడు. దాన్ని కుప్ప మీద వేసి నాలుగు అంచులూ కాళ్లతో తొక్కమని ఖాసింబీ నాకు చెప్పింది. నేను తొక్కాను. షామియానాను హమాలీలు ఒక్క లాగుతో కిందికి లాగి, ఇ.ఇ. గారిని దాని కింద నుంచి బయటికి తీశారు. ఆయనకు ఏమీ కాలేదు. ప్యాంటు అంచున మాత్రం రూపాయి బిళ్లంత కాలింది.

అయిపోయిందనుకుని జనం కదలబోతుంటే ఖాసింబీ వద్దన్నది. పత్తిలో నిప్పు చావదు, నిద్రపోతుంది అని చెప్పి, బొంత తీయించి, కట్టెతో కుప్పను విడదీసింది. పైన నల్లగా ఆరిపోయిన కుప్ప లోపల ఎర్రటి నిప్పు కదులుతోంది. దాన్ని పరిచి, నీళ్లు చిలకరించి, మళ్లీ విడదీసి, ఇలా మూడు సార్లు చేసింది. ఇ.ఇ. గారు కనుబొమల్లో ఇసుక దులుపుకుంటూ పక్కనే నిలబడి చూశారు. తర్వాత ఆమె ఇల్లెక్కడని అడిగారు.

ఐదో వరుస చివరికి వెళ్లాం. తలుపు తీసి చూరు దాకా ఉన్న దూదిని ఆయన కింది నుంచి పై దాకా చూశారు. ఇది నిషేధం కదా, నువ్వు రిపోర్టు చేశావా అని నన్ను అడిగారు. లేదు సార్ అన్నాను. ఇంతమంది మధ్య ఇంత దూది ఎలా ఉంచుకున్నావమ్మా, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది అన్నారు ఆమెతో.

ఖాసింబీ గొంతు పెంచలేదు.

"సారూ, ముప్పై యేండ్లుగా దూదితోనే ఉండాను. ఒగ తూరి కూడా అంటుకోలేదు. మీరొచ్చి అర్ధగంట కాకనే అంటుకునె."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చారు. ఇ.ఇ. గారు తన ప్యాంటు అంచు చూసుకున్నారు. అప్పుడు ఆ పెద్దమనిషి చేసిన పనికి నాకు ఇప్పటికీ గౌరవం. ముప్పై ఏళ్లు ఎలా కాపాడావో చూపించమన్నారు. ఆమె చూపించింది. వంటింట్లో పొయ్యి లేదు, పెరట్లో గోడ చాటున ఉంది. స్విచ్ బోర్డు ఉన్న గోడకు దూది ఆనదు, బల్బుకు మూరెడు దూరం. బీడీ తాగే వాళ్లెవరైనా, అల్లుడైనా సరే, వీధిలోనే కూర్చోవాలి. గుమ్మం దగ్గర గోనెసంచి ఎప్పుడూ తడిగా ఉంటుంది. దూది అంతా లోపలి గోడ వైపు, తలుపు దాకా నడిచే తోవ మాత్రం ఖాళీ. తాను పరుగెత్తలేనని తోవ ముందే పెట్టుకున్నానంది. ఎవరు నేర్పారని ఆయన అడిగితే, మా అత్త, ఏకే విల్లుతో కొట్టి నేర్పించె అన్నది.

అయినా పక్కింటి వాళ్ల పొయ్యి పక్కింటి వాళ్లదే కదా, గోడ ఒకటే కదా అని ఆయన అన్నారు. అది ఆమె కూడా కాదనలేదు. తాను ఎంత జాగ్రత్తగా ఉన్నా పొరుగింటి నిప్పు తనను అడిగి రాదని తానూ భయపడుతూనే ఉన్నానని మెల్లగా ఒప్పుకుంది. ఆ క్షణంలో నాకు బోరింగు గది గుర్తొచ్చింది. కాలనీ చివర, ఇళ్లకు ఇరవై గజాల దూరంలో, బోరు ఎండిపోయి ఏడాదిగా తాళం పడి ఉన్న రాతి గది. యాడ పెట్టాలని ఆమె అడిగిన నాడే తట్టి ఉండాల్సింది. చెప్పాను. ఇ.ఇ. గారు అక్కడే నిలబడి, తాళం చెవి ఖాసింబీకి ఇవ్వమన్నారు. కాలనీ అంతా కలిసి ఆ మధ్యాహ్నమే దూది మోసింది. లక్ష్మక్క మాత్రం రాలేదు. బూడిదలోంచి ఉలవలు ఏరుకుంటూ కూర్చుంది. వేగనివి చేటెడు దొరికాయి, వేగినవి నాకు గుగ్గిళ్లుగా పెట్టింది. ఆ సంవత్సరం నన్ను తిట్టడానికి ఆమెకు ఇంకో కారణం అవసరం పడలేదు.

రిపోర్టులో నేను 'డెమాన్‌స్ట్రేషన్ జరిగినది, మంట ఆరినది' అని రాశాను. రెండూ నిజమే.

తర్వాత నుంచి సలహాల మీటింగులు ఖాసింబీ పెట్టేది, నేను పక్కన నిలబడేవాణ్ని. మంటొస్తే ముందు పిల్లలు, ఆ పైన ముసలోళ్లు, ఆ పైన మీరు, సామాను జోలికి పోవద్దు అనేది. అక్కడితో సర్క్యులర్ మొదటి పేజీ అయిపోయేది. కొళాయి నీళ్ల గురించి అడిగేవాళ్లు తగ్గారు. అడిగినా ఆమె నావైపు చూపించేది.

ఈ సంగతి నాకు నేర్పింది చిన్నదే. ఒకరి ఇంటికి వెళ్లి ఇది వద్దు అని చెప్పేముందు, మరెక్కడ, మరెలా అన్నదానికి జవాబు జేబులో పెట్టుకుని వెళ్లాలి. అంతకన్నా ముందు, ఇన్నాళ్లూ ఏమీ కాకుండా వాళ్లెలా నెట్టుకొస్తున్నారో అడగాలి. 1984లో నన్ను ఎమ్మిగనూరులో నేతగాళ్ల క్వార్టర్లకు బదిలీ చేశారు. మొదటి రోజు మొదటి ఇంటి గుమ్మంలో నిలబడి, మగ్గం గుంటలో కూర్చున్న ముసలాయనను అదే అడిగాను. ఈ ఇంట్లో ఇన్నాళ్లుగా ప్రమాదం రాకుండా ఎట్లా చూసుకుంటున్నారు పెద్దాయనా అన్నాను, లోపలికి అడుగు వేస్తూ. ఆయన అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపి తల ఎత్తాడు.

"అదంతా నిదానంగా సెప్తా గానీ, ముందు తల వంచప్పా. దూలం కిందికుండాది."

ఆ మాట పూర్తయ్యేలోపే తగిలింది. నుదురు రుద్దుకుంటూ గుంట గట్టున కూర్చుని, కాగితం మీద మొదటి లైనుగా అదే రాసుకున్నాను.